ఆనంద్ బాబు సార్ తుడిచేసిన దీవి

మార్కాపురం బస్టాండు పక్కన మణెమ్మ టీ దుకాణం. కాలేజీలో పాలిటిక్స్ చెప్పి రిటైరైన ఆనంద్ బాబు సార్ వచ్చి బెంచీ మధ్యలో కూర్చున్నాడంటే ఆసియా ఖండానికి ఇక ఏ భయమూ లేనట్టే.

"నేను చేసిందేముందిలే హరిబాబూ! ఆసియా భద్రత మీద పీహెచ్‌డీ చేసినోణ్ణి గదా, సింగపూరు సదస్సుకు పిలిస్తే పోయి పేపర్ చదివినా. స్టేజీ దిగొచ్చి చూస్తే ఏముంది, రెండు దేశాలోళ్లు కాలర్లు పట్టుకోని ఉన్నారు. ఏ దేశాలని అడగొద్దు, చెప్పినానంటే యుద్ధమే. సముద్రంలో ఒక దీవి, మాదంటే మాదని కొట్లాట."

"మీరేం జేసినారు సార్?" అన్నాడు ఆటో హరిబాబు, టీలో బన్ను ముంచుతా.

"నా సంచిలో మన మార్కాపురం పలక ఎప్పుడూ ఉంటది. తీసి, సముద్రం గీసినా, దీవి గీసినా, వాళ్లు చూస్తుండంగనే ఎంగిలి పెట్టి దీవిని తుడిచేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పలక శుభ్రమైంది," అంది మణెమ్మ.

"సముద్రంలో దీవే లేదు! రెండు నేవీలు వెతికినాయి, సబ్‌మెరైన్లు దింపినారు, ఉత్త నీళ్లు!"

"దీవిలో జనం ఏమైనారు సార్?" అన్నాడు హరిబాబు.

"పలకకు రెండో పక్క లేదా? మనుషుల్ని, కొబ్బరిచెట్లను ముందే అటు గీసిపెట్టినా. కానీ అప్పటికే ఒకడు మిసైల్ వదిలినాడు. దానికి దీవి కానరాలా. మా హోటల్ కిటికీ కాడికొచ్చి నిలబడి, 'ఇప్పుడు యాడికి పోవాల సార్?' అంది. రైట్ రైట్ అని వెనక్కి పంపినా."

"టికెట్ కొట్టినారా?" అన్నాడు హరిబాబు.

తర్లుపాడులో గొర్రెలు మేపే కాటమరాజు ఒక్కడే నవ్వలేదు. ప్రతి మాటా నమ్మినాడు. చేతిలో టీ చల్లారిపోయింది. అంతలో వాడి ఫోన్ మోగింది. వింటానే లేచి నిలబడినాడు.

"మా గొర్రెలు వీరాంజనేయులు కందిచేలో పడినాయంట! మందనంతా దొడ్లో పెట్టి గేటేసినాడంట. ఇరుపక్కలా కట్టెలెత్తినారని మా ఇంటిది రాఘవమ్మ ఏడుస్తా ఉంది." వాడు సార్ చేతులు రెండూ పట్టుకున్నాడు. "దేవుడే మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టినాడు సార్. వచ్చి ఒక్క మాట చెప్పండి, తలలు పగలకుండా ఆపండి."

హరిబాబు ఆటో తెచ్చి దుకాణం ముందర నిలిపినాడు.

సార్ మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. "అది లోకల్ మ్యాటర్ గదా కాటమరాజూ. మనది... ఆసియా భద్రత."

ఆటోలో ఒక కాలు పెట్టిన కాటమరాజు అయోమయంగా వెనక్కి తిరిగినాడు.

"తర్లుపాడు ఆసియాలో లేదా సార్?"