బావకి కోటు కుట్టడం నేర్పాం

ఏంటీ, కోటుకి చెయ్యి అతికిస్తుంటే భుజం దగ్గర ముడత పడుతోందా? ఇలా తే. అయ్యో, బంగారంలాంటి గుడ్డ పాడుచేశావు కదే! ఉండు, కళ్ళజోడు ఏదీ... ఆ. ఇది చూస్తే మా బావ గుర్తొస్తున్నాడు. మా అక్క మొగుడు, నీకు తాత వరస. నువ్వు పుట్టకముందే పోయాడులే. వీధికి ఆ మూల ఆయన దర్జీ కొట్టు, ఈ మూల నాది. కత్తిరించేటప్పుడు నేను పరదా వేసుకునేవాణ్ణి. నవ్వకు! పని ఎత్తుకుపోతారని అందరికీ భయమే. ఆయన మాత్రం తలుపులు బార్లా తీసి, పోటీవాళ్ళని కూడా కేకేసి, "రండ్రా, కోటు భుజం ఇదిగో ఇలా కూర్చోవాలి" అని చూపించేవాడు. మా అక్క తల బాదుకునేది, "మన నోటి దగ్గర కూడు మీరే తీసి పంచిపెడుతున్నారు" అని. ఆయన పట్టించుకుంటేనా! ఎవడి కోటు బాగా కుదిరినా తనే కుట్టినంత సంబరపడిపోయేవాడు. నిజం చెప్పనా, నాకు ఒళ్ళు మండేది.

ఎక్కడున్నాం? ఆ... ఓ ఏడాది ఆయనకి జ్వరం వచ్చి తలకెక్కింది. బతికాడు. మనుషుల్ని గుర్తుపట్టాడు, మాటలొచ్చాయి, పని మాత్రం మొత్తం మర్చిపోయాడు! కత్తెర చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "దీంతో ఏం చెయ్యాలే?" అని అక్కని అడిగాడు. అక్క గుడ్లనీళ్ళు గుడ్లలోనే కుక్కుకుంది. పని లేకపోతే ఆ మనిషి బతకడని మాకందరికీ తెలుసు. అప్పుడు చూడాలమ్మా! మర్నాడు పొద్దున్నే ఐదుగురు దర్జీలు, అందరూ పోటీవాళ్ళే, కొట్లు మూసుకుని దిగిపోయారు. ఒకడు సుద్దతో గీత గీయించాడు, ఒకడు కత్తెర పట్టించాడు. అదీ ఎలా? అచ్చం ఆయన గొంతుతో! "గాడిదా, నెమ్మది, కత్తెరకేం రైలందుకునే పని లేదు!" అని. ఆయన తిట్లు ఆయనకే! పడీ పడీ నవ్వేవాడు.

మూడు నెలల్లో అన్నీ వచ్చాయి, ఈ భుజం తప్ప. ఐదుగురూ తలో రకంగా చెప్తారు, ఐదూ తప్పే. సగం విని సగం వదిలేశారు వెధవలు. సరిగ్గా తెలిసింది నాకొక్కడికే. ఆయన దగ్గరే నేర్చుకుని, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. నా కొట్టుకి బేరాలొచ్చేది దాని వల్లే. ఇప్పుడు చెప్తే ఆ ఐదుగురూ వింటారు కదా! వారం రోజులు పరదా వెనకాలే కూర్చున్నాను. సిగ్గులేదూ నాకు! ఆ రోజు బావ కోటు చెయ్యి ఆరోసారి విప్పి, బల్ల మీద పడేసి, "ఇక నావల్ల కాదురా" అన్నాడని విన్నాను. అంతే, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. "లే బావా! చేతి ముక్క అతికించే చోటుకన్నా కాస్త పెద్దగానే ఉండాలి. కుట్లు వదులుగా వెయ్యి. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో అద్దు. రుద్దకు, అద్దు! ఎక్కువున్నదంతా అదే దగ్గరికొచ్చేస్తుంది!" అరిచేస్తున్నాను. ఐదుగురూ నా భుజాల మీంచి తొంగి చూస్తున్నారు. చూడనీ! కూర్చుందమ్మా భుజం, కోడిగుడ్డంత నున్నగా! అందరూ ఒక్కసారి గోల! నాకు గంతులెయ్యాలనిపించింది. ఇంత సంతోషాన్ని అన్నేళ్ళూ ఆయనొక్కడే అనుభవించాడా అని కుళ్ళు కూడా పుట్టింది. బావ నా చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఎంత బాగా చెప్తున్నావురా! నీకెవరు నేర్పారు? ఎవరా మహానుభావుడు?" అన్నాడు.

ఏం చెప్పాననా... ఆ ఇస్త్రీపెట్టె వేడెక్కిందేమో చూడు.