మల్‌రే అక్క టాక్సీ ఎక్కిన ఆదివారం

ప్రభువునందు ప్రియమైన సొంగ్‌నే సంఘస్థులారా, మల్‌రే అక్క కూతురు ఉన్సిల్, అల్లుడు గారూ, షెడ్డులో చేతితొడుగులు విప్పి నేరుగా ఇక్కడికి వచ్చిన అక్కలారా, చెల్లెళ్లారా, పక్క రేవుల నుంచి పడవ పని ఆపుకొని వచ్చిన తమ్ముళ్లారా, మీ అందరికీ వందనాలు.

మొన్న మంగళవారం తెల్లవారుజాము ప్రార్థనలో మూడో వరస బల్ల ఖాళీగా ఉంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ బల్ల ఖాళీగా ఉండటం మనలో ఎవరూ ఎరగరు. పాస్టరు గారు పాట మధ్యలోనే ఆపి మనిషిని పంపారు. అప్పటికే మన డీకన్ సొ మల్‌రే అక్క ప్రభువునందు నిద్రించింది. డెబ్భై తొమ్మిదేళ్లు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. జ్వరంతోనే రెండు రోజులు పనిలోకి వచ్చిందని షెడ్డులో ఆడవాళ్లు చెబితే గానీ నాకు తెలియలేదు.

నేను చా హ్యోన్‌మోక్‌ని. పదకొండేళ్లుగా ఈ సంఘంలో పెద్దని. అక్క ముప్పై ఏళ్లు ఆల్చిప్పలు విప్పిన షెడ్డు నాదే. ఈ సభలో మాట్లాడమని పాస్టరు గారు అడుగుతూ, "అక్క గురించి మీకంటే ఎవరికి తెలుసండీ" అన్నారు. నిజమే. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

రెండు కాగితాలు రాసుకొచ్చాను. మొదటిది అరగంటలో అయిపోయింది. రెండోదానికి రెండు రోజులు పట్టింది. ముందు మొదటిది చదువుతాను, ఓపిక పట్టండి.

అక్క ఆదివారాల గురించి మీకు కొత్తగా చెప్పాలా? ప్రభువు దినాన ఆమె చెయ్యి డబ్బు ముట్టేది కాదు. టోఫు ముక్క కావాలన్నా శనివారమే కొనుక్కునేది. బస్సు ఎక్కేది కాదు. కొండ అవతల ఇంటి నుంచి మందిరానికి నాలుగు కిలోమీటర్లు. వానైనా మంచైనా నడకే. ఒకసారి జోరువానలో నా భార్య కారు ఆపి ఎక్కమంటే, గొడుగు కింద నుంచి తొంగి చూసి ఏమందో తెలుసా? "పెట్రోలు నిన్న కొట్టించారా, ఇవాళ కొట్టించారా? ముందు అది చెప్పమ్మా, తర్వాత ఎక్కుతాను." నా భార్య బతికున్నన్నాళ్లూ ఈ మాట చెప్పుకొని నవ్వేది.

అంత నిష్ఠ గల మనిషి, ఆ నిష్ఠతో ఇంకొకరి నెత్తిన మొట్టిందా? ఎప్పుడూ లేదు. ఆదివారం బస్సు నడపక తప్పని డ్రైవరు భార్య ఒకావిడ, మందిరం మెట్ల దగ్గర సిగ్గుతో వెనక్కి తగ్గితే, అక్క చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కొచ్చింది. "నా నియమం నా ఒంటికి కుట్టించుకున్న చొక్కానే పిల్లా. అది నీకెందుకు సరిపోవాలి? రా, కూర్చో" అంది. ఆవిడ ఇక్కడే ఉంది. తల దించుకొని ఏడుస్తోంది.

ఇక నా సంగతి. నేనూ ఆదివారం షెడ్డు మూసేవాడిని. గేటుకు పెద్ద పలక కూడా తగిలించాను, "ప్రభువు దినం, పని లేదు" అని. రేవులో ఉన్న షెడ్లన్నిటిలో ఆదివారం మూసేది నాది ఒక్కటే. చాలా గర్వపడేవాడిని. సాక్ష్యాల్లో చెప్పుకునేవాడిని. కానీ చలికాలంలో ఆల్చిప్పలు ఆగవు, కొనేవాడు ఆగడు. అందుకని ఆదివారం పని కూడా శనివారమే చేయించేవాడిని. ఆడవాళ్లు నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయేవి. ఎవరూ నోరు మెదపలేదు. అక్క ఒక్కతే కత్తి బల్ల మీద పెట్టి అడిగింది. "యజమాని గారూ, ఆదివారం ప్రభువుకిచ్చారు, బాగుంది. మరి శనివారం ఎవరిదండీ, మీ బావమరిదిదా?" షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. పని మాత్రం తగ్గించలేదు.

మొదటి కాగితం అయిపోయింది. ఇది రెండోది.

పదకొండేళ్ల కిందట, పదవ నెల ఆఖరి ఆదివారం, నన్ను సంఘ పెద్దగా నియమించారు. ఆ ముందు రోజు శనివారం మధ్యాహ్నం, ఆల్చిప్పల తాళ్లు పైకి లాగే యంత్రంలో అబీలియో కుడి చెయ్యి పడింది. అబీలియో తూర్పు తిమోర్ నుంచి వచ్చి అప్పటికి ఏడాది. పడవ మీద వాణ్ని "ఒరేయ్" అనేవాళ్లం. పేరు పలకడానికి కూడా మాకు తీరిక లేదు.

రెండు వేళ్లు నలిగిపోయాయి. నేను చూశాను. ఆసుపత్రికి తీసుకెళ్తే ప్రమాదం అని రాసుకుంటారు, తనిఖీకి వస్తారు. ఎన్ని గంటలు పని చేయిస్తున్నావని అడుగుతారు. రేపేమో నా నియామకం. పొరుగు సంఘాల నుంచి మూడు వందల మంది వస్తారు, పాస్టర్లు వస్తారు. కొత్త సూటు ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి ఉంది. నేను షెడ్డులో కూర్చోబెట్టి తువ్వాలు చుట్టి, నొప్పి మాత్రలు ఇచ్చి, "సోమవారం తీసుకెళ్తా, పడుకో" అన్నాను. అక్క బల్ల దగ్గర నిలబడి ఇదంతా చూసింది.

మరునాడు మూడు వందల మందికి వంట బాధ్యత అక్కది. తెల్లవారి మందిరానికి వస్తూ, అబీలియోకి ఇంత అన్నం ఇద్దామని పనివాళ్ల గదికి వెళ్లింది. ఒళ్లు కాలిపోతోంది, చెయ్యి మోచేతి దాకా వాచింది. నాకు ఫోను చేసింది. నేను ఎత్తాను. ఇది మీరు బాగా వినాలి. నేను ఫోను ఎత్తాను. "ఆరాధన అయ్యాక చూద్దాం అక్కా, ఇవాళ ఏమిటో నీకు తెలుసుగా" అన్నాను.  అక్క ఫోను పెట్టేసింది.

పెట్టేసి టాక్సీ పిలిచింది. ఆదివారం బస్సెక్కని మనిషి నలభై కిలోమీటర్లు టాక్సీలో వెళ్లింది. చేత్తో డబ్బు తీసి ఇచ్చింది. ఆసుపత్రి ఎదుట కొట్లో జావ కొని, కూర్చోబెట్టి తాగించింది. డాక్టర్లు రెండు వేళ్లూ తీసేశారు. నిన్న తీసుకొచ్చి ఉంటే ఒకటన్నా దక్కేదేమో అన్నారట. అక్క అక్కడ ఆ మాట వింటున్న వేళకి ఇక్కడ నా తల మీద చేతులు ఉంచి ప్రార్థన చేస్తున్నారు.

అక్క లేక వంట పాడైంది, మీకు గుర్తుందా? అన్నం ఉడకలేదు, సముద్రపు నాచు చారులో ఉప్పు లేదు. వచ్చినవాళ్లు పెదవి విరిచారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు అబీలియో వేళ్ల కంటే ఆ అన్నం గురించే ఎక్కువ మంట పుట్టింది. తర్వాత వాణ్ని ఆసుపత్రిలో చేర్పించింది నేనే అనుకొని మీరు మెచ్చుకున్నారు. నా చెయ్యి పట్టుకొని మరీ మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

ఆ తర్వాతి నెల, క్వాన్సా పిలుపుకు తగిన అక్కల పేర్లు పెద్దల సభ ముందుకు వచ్చాయి. మన సంఘంలో ఆడవాళ్లకు అంతకు మించిన గౌరవం లేదు. జాబితాలో మొదటి పేరు మల్‌రే అక్కది. ప్రభువు దినాన్ని పూర్తిగా ఆచరించినవాళ్లే దానికి తగినవాళ్లని మన నియమం. అప్పుడు ఒకరు లేచి, సొ మల్‌రే ఆదివారం ఆరాధన మానేసిందని, టాక్సీ ఎక్కిందని, పట్నంలో జావ కొట్టులో కూర్చుందని అన్నారు. ఆ లేచినవాడు ఎవరో ఇన్నేళ్లుగా మీరు అడుగుతూనే ఉన్నారు. నేనే.

ఎందుకు లేచాను? భయం. క్వాన్సా అయితే ఆమె మాటకు బరువు వస్తుంది, ఏదో ఒకనాడు నోరు విప్పుతుందని భయం. నా తప్పు ఎరిగిన మనిషి నాకంటే కింద ఉంటే నాకు నిద్ర పడుతుందని లెక్క.

అక్కను లోపలికి పిలిచి అడిగారు. ఆమె నిలబడి, "ఎక్కానండి. జావ కూడా కొన్నాను" అంది. అంతే. ఎందుకని ఒక్క పెద్దా అడగలేదు. నేను కళ్లు మూసుకొని ప్రార్థనలో ఉన్నట్టు కూర్చున్నాను. పేరు కొట్టేశారు. మరునాడు అక్క ఎప్పటిలాగే షెడ్డుకు వచ్చి, కత్తి నూరుకొని పనిలో నిలబడింది.

తర్వాత నా బతుకు ఎలా ఉందో చెప్పనా? తెల్లవారుజామున మనమంతా గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్లం చేస్తాం కదా. మూడో వరస నుంచి అప్పుడప్పుడు నా పేరు వినిపించేది.  దేవుడితో నా మీద ఫిర్యాదు చేస్తోంది అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక, నా ప్రార్థన ఆపేసి, దొంగలా వెనక బల్లలోకి జరిగి చెవి ఒగ్గాను. ఒక సంఘ పెద్ద మందిరంలో చేసిన పని అది. అక్క ఏమడుగుతోంది? నా భార్య దగ్గు తగ్గించమని. నా మోకాళ్ల నొప్పి తీర్చమని. "ఆ మనిషికి కొంచెం ధైర్యం ఇవ్వు తండ్రీ, మిగతావన్నీ ఉన్నాయి" అని. నేను బయటికి వచ్చి కారులో కూర్చొని ఏడ్చాను. ఏడ్చి ముఖం కడుక్కొని షెడ్డు తెరిచాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

రెండేళ్ల కిందట నా భార్య పోయాక, పంటల పండక్కి ఒక పెట్టె బేరిపళ్లు పట్టుకొని అక్క ఇంటికి వెళ్లాను. ఈసారి చెప్పేయాలనుకున్నాను. "అక్కా, ఆ రోజు పెద్దల సభలో నన్ను కాపాడావు" అని మొదలుపెట్టాను. ఆమె పండు చెక్కు తీస్తూ తీస్తూ ఆగింది. "కాపాడానా? ఎవరు చెప్పారు? ఆ రోజు మీరు లేచి చెబుతారని చూస్తూ నిలబడ్డాను."

అయ్యా, అమ్మా, తొమ్మిదేళ్లు నేను ఆమె మౌనాన్ని క్షమాపణ అనుకొని కప్పుకొని తిరిగాను. అది క్షమాపణ కాదు. నా కోసం ఎదురుచూడటం.

నేను నేల మీద మోకరించాను. తప్పయింది అన్నాను. ఆమె ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టి అంది, "నాకు చెప్పి ఏం లాభం పెద్దగారూ? నాకు తెలుసుగా. తెలియనివాళ్లకు చెప్పండి."

క్రిస్మస్‌కు చెబుదామనుకున్నాను. ఈస్టరుకు చెబుదామనుకున్నాను. మందిరానికి కొత్త కప్పు వేయడం అయ్యాక చెబుదాం, ఇప్పుడు సంఘంలో కలత ఎందుకు అనుకున్నాను. బయట లోకం చెడిపోయిందని, పని దొరకడం లేదని, మనుషులు మనుషుల్ని చూడటం లేదని ప్రతి వారం ఇక్కడే నిలబడి మీకు చెప్పాను. ఇక్కడే నిలబడి ఈ ఒక్క మాట చెప్పలేకపోయాను. అక్కకు వినపడేటప్పుడు చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను. ఇది ధైర్యం అనుకోకండి. ఆలస్యం, అంతే.

ఉన్సిల్, నన్ను క్షమించమని నిన్ను అడగను. అడిగితే పదిమందిలో నువ్వు కాదనలేవు.

ఇంకొక్క మాట. శవపేటిక మీద పరిచిన ఎర్ర గుడ్డ చూడండి. "డీకన్ సొ మల్‌రే" అని ఉంది. పొద్దున పెద్దలం కూర్చున్నప్పుడు, దాన్ని "క్వాన్సా" అని మార్చి రాయిద్దాం అన్నారు కొందరు. దయచేసి వద్దు. బతికుండగా లాక్కున్నదాన్ని చనిపోయాక తిరిగి ఇచ్చి మనం చేతులు కడుక్కోవద్దు. ఆమె పేరు అలాగే ఉండనివ్వండి. మార్చాల్సింది నా పిలుపు. నా పెద్దరికాన్ని వదులుకుంటున్న కాగితం పాస్టరు గారి బల్ల మీద పెట్టి వచ్చాను. శనివారం సాయంత్రం నాలుగు తర్వాత ఇక నా షెడ్డులో ఎవరూ కత్తి పట్టరు. అది అక్క ఎప్పుడో అడిగింది.

చివరగా, అందరినీ లేచి నిలబడి మౌనంగా ఉండమని నేను కోరాలని కార్యక్రమ పత్రంలో రాసి ఉంది. అక్క కోసం మిమ్మల్ని లేవమనే అర్హత నాకు లేదు. ఆ మాట అనగలిగిన మనిషి కుడివైపు, కిటికీ పక్కన కూర్చున్నారు. రాత్రి బస్సులో పడమటి తీరం నుంచి వచ్చారు. మూడు వేళ్ల చేత్తో అక్క ఫోటో ముందు పువ్వు పెట్టారు, మీరు చూశారు.

అబీలియో గారూ, ముందు మీరు లేవండి. మీరు లేచాక మేం లేస్తాం. మీరు కూర్చునే దాకా నిలబడే ఉంటాం.