నెట్టు పడని కంప్యూటరు

అబద్ధానికి కాళ్లుండవంటారు. ఇంతింత బాబాయి నోట్లోంచి ఊడిపడ్డ అబద్ధానికి కాళ్లేం ఖర్మ, చక్రాలుంటాయి, హారనుంటుంది, ఎక్కి కూర్చోడానికి జనం కూడా ఉంటారు. ఆయన పరుపులు కుడతాడు. ఏ సంగతి చెప్పినా రెండు చేతులూ బార్లా చాపి "ఇంత!" అంటే గానీ ఆయనకి మాట పూర్తయినట్టుండదు కాబట్టి, బజారంతా కలిసి పెట్టిన పేరది. ఆయన చూసిన చేపా ఇంతే, ఆయన్ని కుట్టిన చీమా ఇంతే.

ఆ పొద్దున టీకొట్టు బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నది సొంత అన్న కూతురు. చదివింది రసాయనశాస్త్రమే అయినా, మాటకి మాట అప్పజెప్పందే ఊరుకోదు కాబట్టి ఇంట్లో ఆమెని లాయరమ్మ అంటారు. కాలేజీలో ఆమె వాదించడానికి లేచిందంటే అవతలి జట్టు ముందుగానే మంచినీళ్లు అడిగేది. ఇప్పుడు కాళ్ల దగ్గర పెట్టె, ఒళ్లో సంచి. వేరే ఊళ్లో, నీటి పరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. కాసేపట్లో బస్సొచ్చి ఈ కొట్టు ముందే ఆగుతుంది.

ఆ బస్సెక్కేలోగా బాబాయికి ఒక్క మాట చెప్పాలి. వాదించమంటే పొద్దుగుంకేదాకా వాదిస్తుంది గానీ, ఈ ఒక్క మాట మాత్రం వారం నుంచీ గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది.

"బాబాయ్, ఇంటర్వ్యూ రోజున నువ్వు..." అని మొదలుపెట్టింది.

"ఆ! ఇంటర్వ్యూ రోజంటే గుర్తొచ్చింది," అంటూ బాబాయి ఆ మాటని గాల్లోనే పట్టుకుని తన వైపు లాగేసుకున్నాడు. "మా కంప్యూటర్ని నేనెలా బాగుచేశానో మీకెవరికీ చెప్పలేదు కదూ?"

"లేదు. నిన్న చెప్పింది వేరే కోత," అన్నాడు తాళాల మామ. మారుతాళాలు చేసే ఆయన, టీ తాగుతూ కూడా ఆకురాయితో తాళంచెవి రుద్దుతూనే ఉంటాడు.

"నువ్వు నమ్మకపోతే పోయె, వదిన నమ్ముతుంది."

"చెప్పవయ్యా, పాలు పొంగేలోగా చెప్పు," అంది కొట్టు నడిపే టీ అత్త.

"అసలు సంగతేంటంటే వదినా, మా దుకాణం వెనక గదిలో కంప్యూటరుంది కదా. ఉత్తరం రాసుకో, లెక్కలేసుకో, పెళ్లిచూపులకొచ్చిన పిల్లాడిలా బుద్ధిగా కూర్చుంటుంది. నెట్టు తెరిచి నాలుగు బొమ్మలు చూడు, ఓ వీడియో పెట్టు, అంతే, టప్! తెర నల్లబడుతుంది. మళ్లీ వేస్తే మళ్లీ టప్. కొందరికి వంకాయ పడదు చూడు, నోట్లో పెట్టుకోగానే ఒళ్లంతా దద్దుర్లు, అలా మా దానికి నెట్టు పడదన్నమాట. రిపేరాయన దగ్గరికి మోసుకెళ్లాం. ఆయన కొట్టులో బంగారంలా పనిచేసింది! ఎంత నెట్టు పెట్టినా కిక్కురుమనలేదు. ఇంటికి తెచ్చామో లేదో మళ్లీ టప్. పొరుగింట్లో మర్యాద, సొంతింట్లో వేషాలు. ఆయన ఓసారి వైరస్ అన్నాడు, ఓసారి వైరు అన్నాడు, ఆఖరికి మీ ఇంటి గాలే బాగాలేదు పొమ్మన్నాడు. గాలికేం, నేను దానికి ఏం లోటు చేశాను? దూది నలుసులు పడతాయని అంగీ కూడా కుట్టాను. ఏమనుకున్నారు, లోపల రెండు పొరల దూది, పైన గళ్ల గుడ్డ, అంచులకి ఎర్ర పైపింగు, మీట నొక్కడానికో కాజా, తీగలు బయటికి రావడానికో కాజా. విప్పే పనే లేదు, తొడుక్కునే పనిచేసుకోవచ్చు. రాజుల పిల్లలకైనా ఉంటుందా అలాంటి అంగీ? ఏమ్మా లాయరమ్మా?"

లాయరమ్మ టీ గ్లాసులోకి చూస్తూ, "లేదు బాబాయ్, ఎక్కడా ఉండదు," అంది.

"విన్నారా! మరి అంత అపురూపంగా చూసుకుంటే కూడా ఆగిపోతోందంటే లోపల ఏదో ఉన్నట్టే కదా. చెవి ఆనించి విన్నాను. దూది ఏకే మిషను చప్పుడు వింటే గింజ ఎక్కడ ఇరుక్కుందో చెప్పే చెవి ఇది. ఏం వినపడిందో తెలుసా? గురక! లోపలెవరో హాయిగా నిద్రపోతున్నారు. ఉండు నీ పని చెప్తానని నెట్టు తీగ పీకి, కన్ను పెట్టి చూశాను. సమాచారమంతా తడిసిన దూదిలా ఉండలు కట్టి ఇరుక్కుపోయింది. తీగ నోట్లో పెట్టుకుని ఒక్క ఊదు ఊదాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కంప్యూటరు పైకప్పుకి తగిలిందా?"

"అదేం లేదు వదినా. సముద్రాల అవతల, ఆ తీగ రెండో కొసన కూర్చున్న పెద్దమనిషి టోపీ ఎగిరిపోయింది. వెంటనే ఫోను. 'ఎవరండీ ఊదింది?' 'మేమేనండీ, పరుపుల దుకాణం.' 'కాస్త నెమ్మదిగా ఊదండి బాబూ, ఇక్కడ మా కాగితాలన్నీ లేచిపోతున్నాయి.' పాపం, మర్యాదస్తుడు."

"ఏ భాషలో మాట్లాడాడో?" అన్నాడు తాళాల మామ.

"టోపీ పోయినవాడికి భాషేంటి బావా, ఏడుపు ఎక్కడైనా ఏడుపే."

టీ అత్త నవ్వుకి పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. లాయరమ్మ రోడ్డు మలుపు వైపు చూసింది. బస్సు జాడ లేదు గానీ ఎంతసేపు? "బాబాయ్, బస్సొచ్చేస్తుంది. నేను చెప్పేది కాస్త..."

"వస్తుందమ్మా, రాక ఎక్కడికి పోతుంది." బాబాయి ఆమె వైపు చూడలేదు. చూడకుండానే ఆమె పెట్టెని తన కాలితో బల్ల కిందకి, బస్సుకి ఇంకాస్త దూరంగా నెట్టాడు. ఆమె గమనించింది. సంతోషమొస్తే ఈ మనిషి మాట రెండింతలు పెరుగుతుంది, దిగులొస్తే నాలుగింతలు. ఈ పొద్దున మాత్రం ఆపేవాళ్లే లేరు.

"నా ఊదుడికి లోపలున్నది నిద్రలేచింది. వైరస్! ఎంతుందనుకున్నారు?" చేతులు బార్లా లేచాయి. తాళాల మామ అలవాటుగా తన గ్లాసు పక్కకి జరుపుకున్నాడు. "ఇంత!"

"అంతది అంత చిన్న పెట్టెలో ఎలా పట్టిందయ్యా?"

"చుట్టుకుని పడుకుంది బావా. పరుపు చుడితే ఎంతవుతుంది, పరిస్తే ఎంతవుతుంది? తోక పట్టి లాగాను, గదంతా పరుచుకుంది. అది నన్ను లాగుతుంది, నేను దాన్ని లాగుతాను. ఇలా కాదని మోకాలితో తొక్కిపట్టి, దబ్బనం తీసి, నాలుగు మూలలా బిగించి కుట్టేసి, పరుపులో కూరేశాను."

"ఆ పరుపేదీ మరి?"

"అమ్మేశాను. కొన్నవాళ్లు మంచివాళ్లు, పల్లెత్తు మాటనలేదు. కలలు మాత్రం మంచి ఘట్టం దగ్గర టప్పుమని ఆగిపోయి, మళ్లీ మొదట్నించీ వస్తున్నాయట."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నేను కొన్న పరుపేనా అది?" అంది టీ అత్త, గరిటె ఎత్తి.

"మీది వేరు వదినా, మీదాంట్లో శుద్ధమైన దూది. సరే, వైరస్ పోయింది. నెట్టంతా ఉండలుండలుగా ఉంది కదా, అలా వదిలేస్తే పని మీద గౌరవముంటుందా? ప్రపంచంలో ఉన్న నెట్టునంతా చుట్టచుట్టి మన మిషన్లో వేసి ఏకాను. ఆ కాసేపూ భూమ్మీద ఎవరికీ నెట్టు లేదు. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహమొకరు చూసుకుని, 'తమరెవరండీ?' అని పలకరించుకున్నారట. తిరిగి వదిలాను, వెన్నలాగ, మెత్తగా. వదలగానే ఇంటర్వ్యూ పెద్దలు తెర మీద ప్రత్యక్షమయ్యారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు! 'మహానుభావా, నెట్టు బాగుచేసింది తమరేనా? ఈ ఉద్యోగం తమరే తీసుకోండి' అన్నారు. 'అబ్బే, నాకు పరుపులున్నాయి, మా అమ్మాయికివ్వండి' అన్నాను. ఇచ్చేశారు. ఒక్క ప్రశ్న అడగలేదు, ఒట్టు!"

లాయరమ్మ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది.

"ఒక్క ప్రశ్న అడగలేదా?"

ఆ గొంతు తాళాల మామకి తెలుసు. ఆకురాయి ఆపాడు.

"అడిగారు బాబాయ్. నీళ్లలో లవణాల గురించి అడిగారు, ఫ్యాక్టరీ మురుగు గురించి అడిగారు, నా పరీక్ష ఫలితం తప్పని పై అధికారి అంటే ఏం చేస్తావని కూడా అడిగారు. తప్పయితే ఒప్పుకుంటా, కాకపోతే మళ్లీ పరీక్ష చేసి ఆయన బల్ల మీద పెడతా అన్నాను. ప్రతిదానికీ నేనే జవాబు చెప్పాను. ఆ ఉద్యోగం నాది. అందులో ఎవరికీ దూది నలుసంత వాటా ఇవ్వను." ఆమె లేచి నిలబడింది. "ఇక కంప్యూటరు. అందులో వైరసూ లేదు, గురకా లేదు. దానికి నెట్టు పడకపోవడం కాదు, ఊపిరాడకపోవడం. నెట్టు తెరిచి వీడియో పెడితే దానికి పనెక్కువ, ఒళ్లు వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే కంతలన్నీ ఎక్కడున్నాయి? నువ్వు కుట్టిన రెండు పొరల దూది కింద! ఎండాకాలం మనిషికి బొంత కప్పి పరిగెత్తించినట్టు. రిపేరాయన తన కొట్టులో అంగీ విప్పి పెట్టేవాడు, అందుకే అక్కడ బాగుండేది. ఇంటికి తేగానే మనం మళ్లీ తొడిగేవాళ్లం, ముద్దుగా, కాజాలు సర్ది మరీ!"

కొట్టంతా ఒక్కసారి ఘొల్లుమంది. టీ అత్త పొట్ట పట్టుకుంది. తాళాల మామ, "దొంగ తాళంచెవి ఇంట్లోనే ఉందన్నమాట!" అని బల్ల చరిచాడు. బాబాయి చేతులు గాల్లోంచి మెల్లిగా దిగి ఒళ్లో పడ్డాయి. వాటినేం చేయాలో తెలియనట్టు చూసుకున్నాడు.

వేదిక మీదైతే ఇక్కడితో గంట కొట్టి, గెలిచావనేవాళ్లు. ఆమెకి ఆ గెలుపు చేదుగా తగిలింది.

"నవ్వకండి. నేనింకా కూర్చోలేదు," అంది. నవ్వులు ఆగాయి.

"ఆ రోజు పిలుపొచ్చే ముందు స్నేహితురాలితో వీడియో పెట్టి సరిచూసుకుంటున్నాను. టప్. మళ్లీ వేశాను, టప్. ఇక అయిపోయిందని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఈయనొచ్చాడు. నా తల మీద ఒక చెయ్యి వేశాడు, రెండో చెయ్యి ఆ అంగీ మీద ఆనింది. 'ఇదేంటమ్మా, ఇప్పుడే ఎవరో పడుకుని లేచిన పరుపులా ఉందీ వేడి' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టీ అత్త గరిటె పక్కన పెట్టి ముందుకి వంగింది.

"కత్తెర తెచ్చాడు. బజారంతా తిప్పి చూపించుకున్న అంగీని పట్టుకుని, రెండో ఆలోచన లేకుండా, నిలువునా కోసేశాడు. కింద కంతల నిండా దూది అట్టకట్టుకుపోయింది. ఊడ్చి తీశాడు. తీస్తే ఏముంది, లోపల చిన్న ఫ్యాను బిగుసుకుని కాలిపోయింది. కొత్తది తేవడానికి టైము లేదు. అప్పుడీయన కంప్యూటరు పక్క రేకు ఊడదీసి, దారపుండల డబ్బా అట్ట చింపి, కెమెరాకి కనపడకుండా బల్ల కింద ముడుచుకుని కూర్చున్నాడు. వాళ్లు అడుగుతున్నారు, నేను చెప్తున్నాను, ఈయన విసురుతున్నాడు. ఈ చెయ్యి నొప్పెడితే ఆ చెయ్యి. మిషను ఆపేశాడు. గుమ్మంలోకి వచ్చిన బేరాన్ని చేత్తోనే పొమ్మన్నాడు. తుమ్మొస్తే తలగడలో మొహం కుక్కుకున్నాడు. పైన నా గొంతు వణికినప్పుడల్లా కింద అట్ట ఇంకాస్త జోరుగా ఆడేది, నాకు తెలిసేది. ఇంటర్వ్యూ అయ్యేదాకా కంప్యూటరూ ఆగలేదు, ఈయనా ఆగలేదు. మామా, అంతసేపూ ఈయన ఒక్క మాట మాట్లాడలేదు!"

తాళాల మామ చేతిలో ఆకురాయి జారి కింద పడింది. "ఇదిగో అమ్మాయ్, వైరస్‌ని పరుపులో కుట్టాడంటే నమ్ముతాను. ఈయన నోరు మూసుకున్నాడంటే మాత్రం నమ్మను."

"నేనూ నమ్మేదాన్ని కాదు, పక్కనే ఉండకపోతే. ఇన్ని చెప్పే మనిషి, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు చూడండి."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అదేముందమ్మా చెప్పుకోడానికి. అట్టముక్క గాలి," అని బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా తెచ్చి, మధ్యలో సూది దూరే సందు చూపించాడు. "ఇంత."

ఆ కొలత ఆయన చేతుల్లో బజారు ఎప్పుడూ చూడలేదు.

"కాదు బాబాయ్," అంది లాయరమ్మ. వారం నుంచీ గొంతులో తిరుగుతున్న మాట చేతుల్లోకి దిగింది. రెండు చేతులూ బార్లా, తాళాల మామ ముక్కుకి తగిలేంత బార్లా చాపింది. "ఇంత!"

మలుపులో హారను మోగింది. బస్సొచ్చి దుమ్ము రేపుకుంటూ ఆగింది. బాబాయి పెట్టె తానే ఎత్తి లోపల పెట్టి, దిగి, బల్ల కింద నుంచి కాగితంలో చుట్టిన పొట్లమొకటి తీశాడు. ఇంత కథ అందుకే సాగదీశాడేమో, దాన్ని ఎలా ఇవ్వాలో తెలియక. "కొత్త గదిలో నిద్ర పట్టొద్దూ," అని ఆమె చేతిలో పెట్టి, టీ అత్త పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు.

కాగితం చిరుగులోంచి గళ్ల గుడ్డ కనపడింది, ఎర్ర పైపింగు కనపడింది. నిలువునా కోసిన అంగీలోంచి మిగిలిందంతా కూడదీసి కుట్టిన తలగడ. ఆమె దాన్ని గుండెకి హత్తుకుని, కండక్టరు తొందరపెడుతున్నా మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగింది.

"బాబాయ్! ఇది నా తలకే కదా? ల్యాబులో కంప్యూటర్‌కి కాదుగా?"