రెండు పీఠాలు, ఒక్క ప్లగ్గు

నవ్వకు. మళ్ళీ రెండూ బొమ్మలే పడ్డాయి. నాణేలు వేసి అడిగిన ప్రతిసారీ ఇలా నవ్వుతూ కూర్చుంటే ఎలాగయ్యా?

సరే, తప్పు నాదేలే. "నల్ల తీగా, తెల్ల తీగా" అని అడిగాను. ఒకటి బొమ్మా ఒకటి బొరుసూ పడితే అవును, రెండూ బొరుసులైతే కాదు, రెండూ బొమ్మలైతే నవ్వు. అంతకు మించి నువ్వు మాత్రం ఏం చెప్పగలవు? బతికున్నప్పుడు మాత్రం అంతకంటే పెద్ద మాట నీ నోట్లోంచి ఊడిపడిందా ఏంటి.

నీ ముందు పెట్టిన అన్నం తినడం అయిందా అని అడగాల్సిన నాణేలతో కంప్యూటరు తీగల సంగతి అడుగుతున్నాను. మీ చెల్లెలు బావ్-జెన్ చూసిందంటే వదినకి మతిపోయిందని గాంగ్‌షాన్ ఊరంతా చాటుతుంది. ఎవర్నడగను మరి? ఈ బల్ల నీది, ఈ రెండు తెరలూ నీవి, ఈ నల్లపెట్టె నీది.

ఈ పెట్టేగా అసలుది. లాప్‌టాప్‌కి దీని తీగ ఒక్కటి తగిలిస్తే చాలు, తెరలూ, కీబోర్డూ, కెమెరా, ప్రింటరూ అన్నీ ఒక్కసారే లేస్తాయనేవాడివి. కొన్న రోజు ఎంత మురిసిపోయావో. అట్టపెట్టె మీద ఇంగ్లీషులో డాకింగ్ స్టేషన్ అని ఉంది. మన భాషలో పీఠం అంటారని నువ్వు చెబితే, ఏ దేవుడికయ్యా ఈ పీఠం అని ఎగతాళి చేశాను. ఇప్పుడు నీ ఫోటోకీ ఒక పీఠం ఉంది. సరిగ్గా నా వీపు వెనకే.

తగిలించాను. ఏదీ లేవలేదు. తీగ తీసి ఇంకో కన్నంలో పెట్టాను, లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను. తెరలు రెండూ నల్లమొహం వేసుకుని నన్నే చూస్తున్నాయి.

ఒంటిగంటకి మా ఆఫీసు ఛ్యూ మేడం వీడియోలో చూస్తానంది. ఎగుమతి కాగితాల పని చిన్న తెర మీద కుదరదు, అన్నీ సరిగ్గా అమర్చుకుంటేనే ఇంటి నుంచి పని, లేకపోతే సోమవారం నుంచి ఫ్యాక్టరీకి వచ్చెయ్ ఆ-గ్వీ అంది. మర్యాదగానే అందిలే. మరలు చేసే ఫ్యాక్టరీ వాళ్ళు ఆ మాత్రం ఒప్పుకోవడమే ఎక్కువ.

నేను ఫ్యాక్టరీకి పోతే అత్తమ్మ దగ్గర ఎవరుంటారు? మొన్న బాత్రూంలో పడింది. మీ చెల్లెలు అప్పుడే వృద్ధాశ్రమం వాళ్ళతో మాట్లాడి, కిటికీ పక్క మంచం కూడా చూసి పెట్టింది. ఆ మాట విని మీ అమ్మ గుమ్మం దగ్గరున్న తన చెప్పులు తెచ్చుకుని మంచం కింద, బాగా లోపలికి తోసి దాచుకుంది. చెప్పులు లేకపోతే ఎవరూ తీసుకెళ్ళలేరని కాబోలు.

అది చూసైనా నాకు ఏడుపు రావాలి కదా. రాలేదు. వెళ్ళి ఛ్యూ మేడంకి ఫోన్ చేశాను, అంతే.

ఆగాగు. ఈ పెట్టె మీద నీలంగా చిన్న లైటు వెలుగుతుండేది కదూ? ఇప్పుడు లేదు. అంటే తీగ సంగతి కాదు, దీనికే కరెంటు లేదు. ఉండు, వంగి చూస్తాను.

ఇదిగో. దీని ప్లగ్గు నేల మీద పడి ఉంది, దుమ్ములో. బోర్డులో ఇది ఉండాల్సిన చోట నీ పీఠం మీది ఎర్ర దీపాల ప్లగ్గు ఉంది.

నీ పీఠం పెట్టిన రోజు బావ్-జెన్ మొగుడు బల్ల కింద దూరి ఏదో ఒకటి పీకి దీపాలు తగిలించాడు. ఆ పీకింది ఇదన్నమాట. అందరం దండం పెట్టాం. నేనూ పెట్టాను.

ఇంకో బోర్డు తెచ్చి దీనికే తగిలించుకోమంటావా? అనవు. బోర్డు మీద బోర్డు పెడితే కొంప అంటుకుంటుందని ఎంతమందిని తిట్టలేదు నువ్వు.

అందుకని అడుగుతున్నాను. ఈసారి తిన్నగానే అడుగుతా. నీ దీపాలు తీసి ఈ పెట్టెకి పెట్టుకోనా?

ఒకటి బొమ్మ. ఒకటి బొరుసు.

అంతేనా? మొదటిసారికే ఒప్పేసుకున్నావా? ఒక్కసారైనా కాదనొచ్చుగా. కాసేపు బతిమాలించుకోవచ్చుగా.

పీకేశాను. గోడ మీద ఎర్ర వెలుగు పోయింది. నాకేమీ అనిపించలేదు. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను కూడా.

తెరలు లేచాయి. ఎడమదాని బొమ్మ కుడివైపు, కుడిదాని బొమ్మ ఎడమవైపు వచ్చింది. దానిదేముంది, సర్దుకుంటాను. ఇదిగో, మేడం పిలుస్తోంది. నువ్వు కాస్త ఊరుకో.

హమ్మయ్య, పెట్టేసింది.

విన్నావుగా. మధ్యలో వైమానికదళం వాళ్ళ విమానం నెత్తి మీదుగా పోయింది, అయినా ఏమీ అనలేదు. అన్నీ చూసింది, బాగుందంది. ఒక్కటే చెప్పింది. "వెనకాల ఆ ఫోటో కనబడుతోంది ఆ-గ్వీ. పైదేశం వాళ్ళతో మాట్లాడేటప్పుడు బాగుండదమ్మా. వెనకంతా మసక చేసే బటన్ ఒకటుంటుంది, అది నొక్కు."

నొక్కాను.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ అగరొత్తి పట్టుకుని వచ్చింది. ఈ లాప్‌టాప్ మీ అమ్మని తెర మీద ఎంత బాగా చూపించిందనుకున్నావు? ఎగిరిన తెల్లవెంట్రుకలతో సహా. నిన్ను మాత్రం గోడలో, క్యాలెండరులో కలిపి అలికేసింది.

బతికున్నదెవరో, లేనిదెవరో దానికి నొక్కీ నొక్కగానే తెలిసిపోయిందయ్యా. నేనే ఇంకా నాణేలు పట్టుకుని కూర్చున్నాను.

"వీడి దీపాలేవే?" అంది మీ అమ్మ. ఆఫీసు టైము అత్తమ్మా, ఐదు దాటాక వెలుగుతాయన్నాను. సరే అన్నట్టు తలూపి, అగరొత్తి గుచ్చి పోయింది. నువ్వు పనిలో ఉన్నప్పుడు కూడా ఆవిడ ఇలాగే తలూపి పోయేది.

కాబట్టి ఇక రోజూ ఇంతే. పగలు ఈ పీఠం, సాయంత్రం నీ పీఠం. అత్తమ్మ చెప్పులు మళ్ళీ గుమ్మం దగ్గర పెడతాను.

నీ ముందు పెట్టిన మేకమాంసం పులుసు చల్లారిపోయింది. తిన్నావా అని నాణేలు వెయ్యడం లేదు ఈసారి. తినే ఉంటావు. గిన్నెలు తీసేస్తున్నాను.