రక్తంలో లేని మందు

సుబేదారిలో డాక్టర్ అరుణ గది, 1984 ఎండాకాలం. మూర్ఛరోగం ఉన్న సారలమ్మ, ఆమె భర్త పోశయ్య ఎదురుగా కూర్చున్నారు. సారలమ్మ రక్తపరీక్ష రిపోర్టు హైదరాబాదు నుంచి ఆ ఉదయమే వచ్చింది. ఆ కాగితం వంక చూడటానికి ఆమెకు ధైర్యం చాలడం లేదు.

"మల్లా అడుగుతున్న సారలమ్మా. గోలీలు మింగుతున్నవా, లేదా?"

"మింగుతాన డాక్టరమ్మా."

"రోజూ?"

"రోజూ."

"నేను చూస్తనే ఉంట గదమ్మా! నా కండ్ల ముందట్నే నోట్లేసుకుంటది, నీళ్లు తాగుతది. అటెంకనే నేను పొలంకాడికి పోత."

"మరి నీ భార్య రక్తంల మందు లేదు పోశయ్యా. జాడకు జరంత ఉన్నది, అంతే. రెండుసార్లు డోసు పెంచిన. పెంచినంక గూడ ఇట్లుంటే ఎట్ల?"

"గోలీలు నకిలీవేమో..."

"కావు. అవే గోలీలు తీసుకపోయిన హసన్‌పర్తి మనిషికి ఫిట్స్ బందైనయి."

"మరి ఈమెకెందుకు బందైతలేవు? మొన్న పొయ్యి మీద పడ్డది. చూపెట్టు... చెయ్యి చూపెట్టు డాక్టరమ్మకు!"

"వద్దు తియ్..."

"మా ఇంట్ల అందరు ఒక్కటే మాట అంటాండ్రు తల్లీ, దీన్ని తల్లిగారింటికి తోలెయ్యమని. నేనే ఆపుకుంట వస్తాన. ఇగ నాతోని అయితలేదు. ఇంకింత పెద్ద డోసు రాయి."

"సప్పగున్నదని ఇంకింత వేసెటందుకు ఇది ఉప్పు కాదు పోశయ్యా. కొందరి ఒళ్లు మందును తొందరగ అరిగిస్తది. కొందరి ఒంట్ల పేరుకపోతది. ఎవరి ఒంటికి ఎంత సరిపోతదో వాళ్ల రక్తమే చెప్పాలె. అందుకే పట్నం పంపిన. జర ఎక్కువైతే ఇదే మందు విషమైతది."

"విషమా?"

"అవును సారలమ్మా. పోశయ్యా, నువ్వు జర బయట కూసో."

"నేనెందుకు పోవాలె? ఏమున్నా నా ముందట్నే చెప్ప..."

"కూసో అంటున్న గదా. తలుపు దగ్గరికెయ్యి... ఆ. ఇప్పుడు చెప్పు సారలమ్మా."

"విషమైతదంటే ఎట్లమ్మా? ఎవలకన్న అయితదా?"

"మాట మార్చకు. నోట్లేసుకుంటవు. తర్వాతేం చేస్తవు? ఉమ్మేస్తవా?"

"ఎక్కువైతే ఎట్లుంటదమ్మా? ముందుగాల అది చెప్పు."

"కడుపుతోని ఉన్నవా? దానికి భయపడుతున్నవా?"

"లేదు, లేదు. ఎట్లుంటదో చెప్పమ్మా!"

"తాగినోళ్ల లెక్క తూలుతరు. మాట ముద్దముద్దగొస్తది. కనుగుడ్లు ఆగకుండ కదులుతయి."

"కనుగుడ్లు... ఇటటు?"

"ఇటటు. నువ్వెందుకు ఏడుస్తున్నవు? నీ రక్తంల మందే లేదు గదా."

"గాలి సోకిందనుకున్ననమ్మా... తాయెత్తు గూడ కట్టిచ్చిన..."

"ఎవరికి?"

"ఆయనకు చెప్పకు. నీ కాల్మొక్కుత. గోలీ నాలిక కింద దాస్త. ఆయన అటు పోంగనే తీస్త."

"తీసి?"

"నాకొక్కదానికుంటెనే తోలేస్తమంటాండ్రు. దానిగ్గూడ ఉన్నదని తెలిస్తె ఇద్దర్నీ గడప తొక్కనియ్యరు."

"ఎవరు సారలమ్మా? ఎవరికి పెడుతున్నవు?"

"నా బిడ్డకు... శకుంతలకు. దొడ్లె పడి నా లెక్కనే కొట్టుకున్నది. నేను తప్ప ఎవలు చూడలే. నా గోలీ బెల్లంల నూరి పెట్టిన. ఆగినయమ్మా! మంచిగ ఆగినయి!"

"మరి నీకు?"

"నాకొస్తె వచ్చినయి."

"నేను పెంచినయి... పెంచిన గోలీలు గూడ నీ బిడ్డకే పెట్టినవా?"

"నువ్వు పెంచినన్ని పెట్టిన. ఇంక జల్ది నయమైతదనుకున్న."

"దేవుడా! ఎంత పిల్ల?"

"పాలపండ్లన్న ఊడలే."

"యాడున్నది? ఇంట్లనా? సారలమ్మా, నా దిక్కు చూడు, బిడ్డ యాడున్నది?"

"బయట... రిక్షాల. నిద్రపోతాందని వాళ్ల నాయినకు చెప్పిన. పొద్దటి సంది లేపుతాన డాక్టరమ్మా... లేస్తలేదు."