అనస్తాజీ అత్త డప్పు కాచిన రోజు

ఆ గోడ మీదదా? డప్పే, నోయెమీ. జల్లెడ అనుకున్నావా? నీ తప్పేం లేదులే, మొన్న కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడూ అదే అన్నాడు, పిండి బాగా జల్లిస్తుందా అని కూడా అడిగాడు. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాళ్ళు నా కాళ్ళ లాంటివే, నిలబడ్డట్టే ఉంటాయి గానీ నమ్మకూడదు. ఈ పెట్టె మీద కూర్చో. ఏమన్నావు, మీ కాలేజీలో స్వాతంత్ర్య దినం పండగా? పాత వస్తువులు బల్లల మీద పెడతారా? నన్ను కూడా పెట్టేట్టున్నారు. డప్పు పట్టుకెళ్ళి, చూపించి, ఇచ్చేస్తావా? ఇస్తావులే, నువ్వు మంచిపిల్లవి. కాఫీ తాగు ముందు. ఆ డప్పు ఎవరిదో తెలుసా నీకు? అనస్తాజీ అత్తది. మీ అమ్మమ్మ ముందు ఆ పేరెత్తి చూడు, చేతిలో చీపురున్నా సరే కాలు ఆడిస్తుంది.

అత్త అంటే నాకు సొంత అత్తేం కాదు, మోన్ లుబిన్ కొండ మీద అందరికీ అత్తే. నీళ్ళు వెనక్కి తగ్గగానే ఇనప చువ్వ భుజాన వేసుకుని పగడపు దిబ్బ మీదికి దిగేది, సాయంత్రానికి నడుం చుట్టూ ఆక్టోపస్‌లు వేలాడేసుకుని కొండెక్కేది. దూరం నుంచి చూస్తే ఆవిణ్ణే ఏదో పట్టుకుని సముద్రంలోకి లాగుతున్నట్టుండేది. నోరా? ఆ చువ్వ నయం. నేను ఆవిడ మేనకోడలు క్లెరీస్‌ని ఇమ్మని అడగడానికి వెళ్ళాను, కొత్త చొక్కా వేసుకుని, అకార్డియన్ కూడా పట్టుకుని. ఓ పాట వాయించాను. నాకు వచ్చినవి మూడు పాటలు, అందులో రెండు ఒకటే. అంతా విని, “నాయనా ఎవరిస్త్, ముందు ఆ అకార్డియన్‌ని ఎవరికైనా ఇచ్చి పెళ్ళి చెయ్యి, తర్వాత నీ సంగతి చూద్దాం” అంది. అదీ అత్త. కానీ సెగా ఆటకి డప్పు పట్టుకుంటే మాత్రం... ఎలా చెప్పను. మోకాళ్ళ నొప్పని మంచం పట్టిన ముసలాళ్ళు లేచి బరిలోకి వచ్చేవాళ్ళు. ఒకడు ఆడుతుంటే ఇంకొకడు మధ్యలో దూరి జోడీని లాగేసుకోవడం మా ఆటలో మర్యాద కదా, ఆవిడ దరువుకి పోలీసు దగ్గర్నుంచి జోడీ లాక్కున్న వాళ్ళున్నారు, వాడు జరిమానా రాయడం మర్చిపోయి చప్పట్లు కొట్టాడు. ఆ డప్పు వాళ్ళమ్మది. అంతకుముందు ఆవిడమ్మది. మొదట బానిసగా ఈ దీవికి వచ్చిన వాళ్ళ ముత్తవ్వ వాయించిన చెక్క చట్రం అదేనని, తోలు మాత్రం మారుతూ వచ్చిందని అత్త చెప్పేది. నిజమో కాదో, ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

సరే, అసలు సంగతికొస్తా. అప్పుడు నేను కింద రేవు ఊరు పోర్ట్ మాతురిన్‌లో సర్కారు ఆఫీసులో బంట్రోతుని. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోతున్నారు, మారిషస్‌కి స్వాతంత్ర్యం. మేం ఆ దేశంలో ముక్కేనట. ఓటెయ్యమన్నారు, మా రోడ్రిగ్స్ దీవి మొత్తం వద్దని వేసింది. ఇంగ్లీషువాళ్ళ మీద ప్రేమ కాదమ్మాయ్. పెద్ద దీవి మారిషస్‌లో వాళ్ళెవరో మాకు తెలీదు, మేమెవరో వాళ్ళకి తెలీదు. ఓడొస్తే మా మేకలూ ఉల్లిపాయలూ ఎక్కించుకుపోయేవాళ్ళు, వచ్చేటప్పుడు ఉత్తర్వులు దించేవాళ్ళు. మేం వద్దన్నా వచ్చేసింది స్వాతంత్ర్యం. దానికి కొన్ని నెలల ముందే మా ఆఫీసుకి అధికారిగా అప్పనా దొర వచ్చాడు. వాళ్ళ ముత్తాతలు ఇండియా నుంచి చెరకు కొట్టడానికి వచ్చారట. సన్నగా ఉండేవాడు, పాపం, గాలికి ఎప్పుడూ టోపీ పట్టుకునే నడిచేవాడు. దొరలు పోయే ఏడాదిలో వచ్చినవాణ్ణి కూడా మేం దొరా అనే పిలిచాం, ఏం చేస్తాం, నోటికి అలవాటు.

చెడ్డవాడు కాదు. అదే తంటా. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. ముగ్గురు రాజుల పండగనాడు కొండ మీద అత్త వాయిస్తుంటే విని, కళ్ళు పెద్దవి చేసుకుని, “అమ్మా, ఇది మన జాతి సంపద. ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను” అన్నాడు. ఇంటికొచ్చిన మనిషి చెయ్యి చాపితే మా కొండ మీద కాదనం కదా. ఇచ్చింది. ఆయన దాన్ని సముద్రం పక్కనున్న గిడ్డంగిలో పెట్టించాడు, ఎండబెట్టిన ఆక్టోపస్ బస్తాల మధ్య. వచ్చే ఓడలో పెద్ద దీవికి పంపుతాడట, అద్దాల బీరువాలో పెట్టి కింద చీటీ అంటిస్తారట. అత్త ఆఫీసుకొచ్చింది. నేనే తలుపు తీశాను.

“బీరువాలో పెట్టి ఏం చేస్తారు దొరా?”

“అందరూ చూస్తారమ్మా.”

“చూడ్డానికి అదేమన్నా నా మొహమా? వినాలిగా.”

ఆయన మీ సంస్కృతి, మీ గుర్తింపు, అని ఏవేవో చెప్పాడు. అత్త నా వైపు తిరిగి, “ఇవి ఏ కొట్లో దొరుకుతాయిరా, వాటిని పంపమను” అంది. నేను నవ్వాపుకోవడానికి ఇంకుబుడ్డి మూత నోట్లో పెట్టుకున్నా. మధ్యాహ్నం దాకా నీలంగా ఉమ్ముతూనే ఉన్నాను.

ఇంతలో టెలిగ్రాం వచ్చింది, ఓడలో ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు, మార్చి పన్నెండున జెండా ఎక్కించేటప్పుడు రోడ్రిగ్స్ జనం ఆనందం ఫొటో తియ్యాలి అని. జనం? అందరూ రామన్నారు. మా చేపలవాళ్ళు ఆ రోజు అందరికీ జ్వరం అని ముందే చెప్పేశారు. అప్పనా దొరకి చెమటలు పట్టాయి. పట్టి, అత్తని పిలిపించాడు. “జెండా లేచేటప్పుడు మైదానంలో నీ డప్పు వినపడాలి. వినపడితే జనం వస్తారు. అప్పుడు నీ డప్పు నువ్వు తీసుకుపో, పై వాళ్ళకి నేను వేరే ఏదైనా పంపుకుంటా. లేదా, ఓడ దాన్ని తీసుకుపోతుంది.” న్యాయంగానే ఉంది కదూ? ఒక్కటే ముక్క మర్చిపోయాడు. ఆ ఏడు విభూది బుధవారం అప్పటికే అయిపోయింది. తపస్సు కాలం మొదలైపోయింది. ఈస్టర్ దాకా ఈ దీవిలో డప్పు వాయించేవాళ్ళు లేరు, పెళ్ళి లేదు, ఆట లేదు, మా తాత అయితే ఈల కూడా వెయ్యనిచ్చేవాడు కాదు. హిందూ మనిషి, ఆయనకేం తెలుసు. నన్నడగొచ్చుగా అంటావా? బంట్రోతుని కాఫీ గురించి తప్ప ఇంకేమీ అడగరమ్మా.

అదిగో, అప్పుడు చూడాలి ఊరు. వాయిస్తే తపస్సు కాలంలో పాపం, పైగా ఊరంతా వద్దన్న జెండాకి తాళం. వాయించకపోతే వాళ్ళమ్మ డప్పు ఓడెక్కుతుంది. బేకరీ దగ్గర ఆడవాళ్ళు, “వాయిస్తుంది చూడు, రేపు పెద్ద దీవిలో ఇల్లు కూడా ఇస్తారు” అని ఆవిడ వినేట్టే అన్నారు. చర్చిలో ఆవిడ కూర్చున్న బల్ల మీద పక్కన ఎవరూ కూర్చోలేదు. ఫాదర్ గ్రెగ్వార్ పిలిచి అడిగాడు, “అనస్తాజీ, ఏం చేద్దామనుకుంటున్నావు?” అని. “డప్పు నెమ్మెక్కి ఉంటుంది ఫాదర్, ముందు కాచుకోవాలి” అంది. అంతే. క్లెరీస్ చెప్పింది నాకు, రోజూ పొద్దున్నే గోడ మీద ఆ ఖాళీ మేకుని చూస్తూ నిలబడేదట. అంత నోరున్న మనిషి.

మార్చి పన్నెండు వచ్చింది. జ్వరాలొచ్చిన వాళ్ళందరూ ముందు వరసలో ఉన్నారు. జెండా కోసం కాదు, అనస్తాజీ పాపం చేస్తుందా చెయ్యదా చూద్దామని. దీవి దీవంతా దిగింది, గోడల మీదా లారీ మీదా జనమే. ఫొటోగ్రాఫర్ మురిసిపోయి, “ఏం దేశభక్తి” అంటున్నాడు. అప్పనా దొర మొహం వెలిగిపోతోంది. పెద్దమనుషులకి ఎండు కొబ్బరాకులతో పందిరి. బ్యాండు రాలేదు కాబట్టి కొత్త జాతీయగీతం నేను అకార్డియన్ మీద వాయించాలి. రేడియోలో ఒక్కసారి విన్నాను. అదీ నా బతుకు.

డప్పు తెచ్చి అత్త చేతిలో పెట్టారు. గిడ్డంగిలో అంటిన ఆక్టోపస్ వాసన పట్టి దాని వెనకాలే ఊరకుక్కలన్నీ వచ్చాయి. అత్త వేలితో తట్టింది. తడిగుడ్డ మీద తట్టినట్టు, చప్పుడే లేదు. ఆవిడ నేరుగా వెళ్ళి పందిరి మీద నుంచి ఎండుటాకులు లాగడం మొదలెట్టింది. ఓ పెద్దమనిషి నెత్తి మీద ఎండ పడింది, ఆయన “ఏయ్” అనేలోపు ఇంకో కట్ట లాగింది. మైదానం మధ్యలో కుప్పేసి మంట పెట్టింది. అప్పుడర్థమైంది జనానికి. తపస్సు కాలంలో వాయించం గానీ, కాచుకోవడం మానం కదా, మానితే తోలు కుళ్ళిపోతుంది. కాచాక బిగిసిందో లేదో తట్టి చూస్తాం. అది తప్పని ఏ ఫాదరూ ఎన్నడూ అనలేదు. ఒక్కసారిగా అందరూ ఫాదర్ గ్రెగ్వార్ వైపు తిరిగారు. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు, అక్కడేదో పక్షి ఉన్నట్టు.

కానీ బిగిస్తేగా. ఎన్ని వారాల నెమ్మో. ఆకుమంట భగ్గుమని ఆరిపోతోంది, గాలి పొగనంతా అత్త మొహం మీదికే కొడుతోంది. తడుతుంది, చప్పుడు లేదు. మళ్ళీ తడుతుంది. బేకరీ ఆడవాళ్ళు కూడా మెడలు చాచి చూస్తున్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు, పొగకే అనుకున్నాను. అప్పుడు అప్పనా దొర కోటు విప్పి నా భుజాన వేశాడు, అకార్డియన్‌తో సహా కప్పేశాడు. బూట్లు విప్పాడు. వెళ్ళి మంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, “ఇటివ్వమ్మా” అన్నాడు. అత్త ఇవ్వలేదు. ఓసారి ఇచ్చిందిగా. ఆయన అలాగే చేతులు చాపుకుని ఉన్నాడు. ఎంతసేపటికో ఇచ్చింది, ఓ అంచు తను పట్టుకునే. ఆయన దాన్ని మంటకి వాలుగా పట్టి తిప్పాడమ్మా, మధ్యలో కాదు, అంచుల వెంట, రొట్టె కాల్చినట్టు. తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టాడు. మళ్ళీ తిప్పాడు. మేం నోళ్ళు తెరిచాం. బడిలో నేర్పే పని కాదది.

“ఎవరు నేర్పారయ్యా?” అంది అత్త. దొరా అనలేదు, చూశావా.

“మా తాతమ్మ. చెరకు తోటలో మా ఇంట్లో కూడా ఒకటుండేది. దీనికంటే చిన్నది.”

“ఏదీ అది?”

ఆయన తిప్పడం ఆపలేదు. “ఏమో. మా తాతమ్మ పోయాక ఎవరో పెద్దాయన వచ్చి, చూసి ఇస్తానన్నాడట.”

ఆ మాట అన్నాక గానీ ఆయనకి వినపడలేదు అనుకుంటా, తనేమన్నాడో. డప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అంత నోరూ పెట్టుకుని అత్త ఒక్క మాట అనలేదు. డప్పు మెల్లిగా లాక్కుని తట్టింది. ధన్. నా పక్కటెముకల్లో తగిలింది. ఇంకోసారి తట్టింది. పోలీసు జెండా తాడు లాగాడు, నేను గీతం ఎత్తుకున్నాను, సగంలో అది మా పెళ్ళి పాటలోకి జారిపోయింది, చేతులు ఎటు తెలుసో అటే పోతాయిగా. అత్త తట్టి చూస్తూనే ఉంది. ఈ అంచు బిగిసిందా, ఆ అంచు బిగిసిందా. పడిపోతున్న నా పాటని చంకల కింద చెయ్యేసి నిలబెట్టింది ఆ తట్టడమే. జనం కాళ్ళు నేల మీద, ఊరికే, చీమలు కుట్టినట్టు కదులుతున్నాయి. ఎవరూ ఆడలేదు. నే చెప్పేది విను, ఒక్కరూ ఆడలేదు, కానీ దుమ్ము మోకాళ్ళ దాకా లేచింది. జెండా ఎప్పుడు పైకి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. అత్త మాత్రం మంట ఆరిపోయిన చాలాసేపటి దాకా ఆ డప్పు బిగిసిందో లేదో తేల్చుకోలేకపోయింది. ఫాదర్ దగ్గరికొచ్చి, “అనస్తాజీ, ఇంకా కాలేదా?” అన్నాడు. “అంత తొందరగా ఎక్కడ ఫాదర్, సర్కారు గిడ్డంగి నెమ్ము కదా” అంది. ఆయన తల ఊపి అక్కడే నిలబడ్డాడు, చెప్పు కొస నేల మీద ఆడుతోంది, నేను చూశాను.

ఫొటో పేపర్లో పడింది. మంట పక్కన మసి మొహంతో మోకాళ్ళ మీదున్న దొర, చుట్టూ జనం. కింద ‘కొత్త జెండాకి రోడ్రిగ్స్ జనం నీరాజనం’ అని రాశారు. డప్పు అత్తతోపాటు మళ్ళీ కొండ మీదికి వెళ్ళింది. ఓడలో బీరువా కోసం ఏం పంపాడో తెలుసా? నా అకార్డియన్. నేనే ఇచ్చాను, అత్త పెట్టిన షరతు గుర్తుందిగా. ఈస్టర్ వెళ్ళాక క్లెరీస్‌ని ఇచ్చింది. అలా, అత్త తర్వాత క్లెరీస్‌కి వచ్చి ఈ గోడ మీదికి చేరిందిలే ఆ డప్పు. అత్త పోయిన రోజు కూడా దాన్ని... వద్దులే.

ఏంటమ్మాయ్, కాఫీ తాగలేదేం? ఇందాక నువ్వేదో అడిగావు, పట్టుకెళ్ళి, చూపించి... ఏం అడగలేదా? సరే అయితే. ఆ పాత పేపర్లు ఇలా పడెయ్, పెరట్లో నాలుగు ఎండు పుల్లలు కూడా ఏరుకురా. తోలు మెత్తబడింది. ఏం ఫర్వాలేదు, ఇప్పుడూ తపస్సు కాలమైతే ఏం, కాచడమేగా. పట్టుకో ఈ అంచు. మధ్యలో కాదు.