వంకరగా తెగిన జుట్టు

పార్లర్‌లో రాలిన జుట్టు ఊడుస్తున్న అమ్మకి కూతురు నవ్వుతూ ఫోన్ చూపించింది.

"చూడమ్మా, మా క్లాసు పిల్ల! నుదుటి మీద జుట్టు ఎంత వంకరో! గ్రూపులో ఒకటే నవ్వులు."

"నువ్వూ నవ్వావా తల్లీ?"

"నవ్వు బొమ్మ పెట్టానంతే. ఏమీ రాయలేదు."

చీపురు ఆగింది. "అది కత్తిరించింది నేనేనే. నిన్న చెయ్యి జారింది. 'పర్లేదాంటీ, పెరుగుతుందిలే' అని నన్నే ఊరడించింది."

కూతురి మొహంలో నవ్వు పోయింది.

"ఎవరు కత్తిరించారని అందరూ వేధించారమ్మా. గ్రూపులో నేనున్నాననే, తను నీ మాట ఎత్తలేదు."

"రేపు టీచరుకి చెబుదాం. మరి నీ బొమ్మ?"

"తీసేశా. ఇదిగో, ఇది రాశా: 'మా అమ్మే కత్తిరించింది. నవ్వాలనుంటే మా పార్లర్‌కొచ్చి నవ్వండి. ముందు ఆ ఫోటో తీసెయ్యండి.' పంపనా?"

"ఆగు. కింద నా పేరు కూడా పెట్టు."